ఏమీ అడగకుండా పోయవలసిన అంబలి

లోకంలో చిక్కు సంబంధాలకు కొదవలేదు. అత్తాకోడళ్ల సంబంధం ఉంది, వియ్యంకుల సంబంధం ఉంది, ఇంటి ఓనరుకూ కిరాయిదారుకూ మధ్య మోటారు స్విచ్చు దగ్గర ఏర్పడే సంబంధం ఉంది. ఇవన్నీ కలిపినా, ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయానికీ దాన్ని కని పెంచిన చర్చి సంఘానికీ మధ్య ఉండే సంబంధం ముందు పిల్లల ఆటే. ఎదిగిన బిడ్డ, కన్నతల్లిని ఇంట్లో ఎక్కడ కూర్చోబెట్టాలన్నది అందులోని అసలు సమస్య. (హాల్లో కూర్చోబెడితే వచ్చేపోయేవాళ్లు చూస్తారు. బయట కూర్చోబెడదామంటే ఇంటి కాగితాలు తల్లి దగ్గరున్నాయి.)

జగదల్‌పూర్ నుంచి పెద్దాసుపత్రికి వెళ్లే దారిలో ఉన్న దీపస్తంభ విశ్వవిద్యాలయం ఈ సమస్యను ఎంతో క్రమశిక్షణతో పరిష్కరిస్తూ వచ్చింది. అది బడిగా ఉన్నప్పుడు గేటు మీది బోర్డులో ‘దీపస్తంభ సహవాస సంఘం’ అన్న పేరు మూరెడు ఎత్తు అక్షరాల్లో ఉండేది, బడి పేరు దాని కింద ఒదిగి ఉండేది. కాలేజీ అయ్యాక రెండు పేర్లూ సమానమయ్యాయి. విశ్వవిద్యాలయం అయ్యాక ‘సంఘం వారి’ అన్నది ‘సంఘం స్థాపించిన’గా, ఆపైన ‘సంఘం స్ఫూర్తితో’గా, చివరికి ‘విలువల ఆధారిత’గా మారింది. ఎవరి విలువలో రాయడానికి బోర్డులో చోటు చాలలేదు. సంఘం పేరు ఇప్పుడు కుడివైపు అడుగున, బోర్డు రాసిన పెయింటరు ఫోన్ నంబరు పక్కన ఉంది. (పెయింటరు నంబరు కాస్త పెద్దది.)

ఈ చారిత్రక పరిణామాలేవీ గంగారత్నం గమనించలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె ఆ బోర్డు కిందే నిలబడింది గానీ, ఎప్పుడూ రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. బోర్డు మార్చినప్పుడల్లా రాలే రంగు పెచ్చులు పడకుండా కుండను కాస్త పక్కకు జరుపుకోవడమే సంబంధాల మార్పు విషయంలో ఆమె చేసిన కృషి.

ఆ కుండలో ఉండేది అంబలి. ముందురోజు కలిపి పులియబెట్టిన రాగి పిండిని, తెల్లారుజామున నూకలతో కలిపి కాస్తుంది. ఎనిమిదింటికల్లా గేటు దగ్గర పెట్టి, వచ్చినవాళ్లకు ఆకుదొప్పల్లో పోస్తుంది. పనికి రెండే నియమాలు. సంస్థను స్థాపించిన హిల్డా దొరసాని వాటిని గంగారత్నం తల్లి ఉప్పలమ్మకు చెప్పింది, ఉప్పలమ్మ కూతురికి చెప్పింది. వచ్చినవాళ్లను ఏమీ అడగకూడదు. పేరు, ఊరు, కులం, దేవుడు, ఏదీ. దొప్ప మీద వాళ్లే చెయ్యి అడ్డం పెట్టేదాకా పోస్తూనే ఉండాలి. అంతే. భద్రాచలం వైపు నుంచి వచ్చిన ఉప్పలమ్మను దొరసాని అడిగింది కూడా ‘వండటం వచ్చా’ అన్న ఒక్కటేనట. ఉప్పలమ్మ తర్వాత సంఘంలో చేరింది గానీ పేరు మార్చుకోలేదు, మార్చుకోమని దొరసానీ అనలేదు.

సుక్మా నుంచి, బీజాపూర్ నుంచి రోగులను మోసుకొచ్చినవాళ్లు ఆసుపత్రి వరండాల్లో రోజుల తరబడి ఉంటారు. వాళ్లంతా పొద్దున్నే గేటుకు వచ్చేవారు. రోజుకు నూటయాభై దొప్పలకు తక్కువయ్యేవి కావు. వాళ్లలో ఇర్మా అనే ముసలాయన ఒకడు. గొల్లపల్లి వాడని, భార్య మాసేకు కడుపులో పుండని, ఆసుపత్రి అన్నం ఆమెకు ఇమడటం లేదని అతనే చెప్పుకున్నాడు. (అడగకపోతే మనుషులు అన్నీ చెబుతారని గంగారత్నం ముప్పై ఒక్క ఏళ్లలో కనిపెట్టింది. ఈ విషయం మీద విశ్వవిద్యాలయంలో ఇంతవరకు పరిశోధన జరగలేదు.) ఇర్మా ఒక దొప్ప తాగి, ఎండిన సొరకాయ బుర్రలో మాసేకు పోయించుకుని పోయేవాడు.

అంతా సజావుగానే ఉండేది. సంబంధాలను మరోసారి పునర్నిర్వచించాలని పాలకమండలి తీర్మానించకపోతే ఇప్పటికీ అలాగే ఉండేది.

ఆ బాధ్యత రిజిస్ట్రారు చక్రధరరావుకు అప్పగించారు. ఆయన బచేలీ గనుల టౌన్‌షిప్పులో క్వార్టర్ల కేటాయింపు విభాగంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాడు. ఫైలు లేనిది ఇంకా పుట్టనట్టేనని ఆయన దృఢ విశ్వాసం. సంఘం తరఫున కార్యదర్శి రెవరెండ్ కిషోర్ వచ్చాడు. ఇద్దరూ పదకొండు సమావేశాల్లో ఉమ్మడి ఆస్తిని స్నేహపూర్వకంగా పంచుకున్నారు. హార్మోనియం సంఘానికి, ఆడిటోరియం విశ్వవిద్యాలయానికి. చిహ్నంలోని సిలువ సంఘానికి, దీపం విశ్వవిద్యాలయానికి. స్థాపకురాలి ఫొటో ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. ప్రేమ, సేవ అన్న రెండు విలువల్లో ప్రేమ సంఘానికి పోగా, ప్లేస్‌మెంట్లకు పనికొస్తుందని సేవను విశ్వవిద్యాలయం ఉంచుకుంది.

అంబలి కుండ మాత్రం ఎవరికీ వద్దయింది. అది సంఘ సంప్రదాయం కాబట్టి సంఘమే తీసుకుపోవాలని చక్రధరరావు అన్నాడు. అది క్యాంపస్ వంటశాలలో కాగుతుంది కాబట్టి విశ్వవిద్యాలయానిదేనని రెవరెండ్ కిషోర్ అన్నాడు. గంగారత్నం వంటశాల వెనక గదిలో ఉంటుంది కాబట్టి కుండతోపాటు ఆమె కూడా అవతలివాళ్లదేనని ఇద్దరూ అన్నారు.

పన్నెండో సమావేశంలో దానపత్రం బయటపడింది. హిల్డా దొరసాని రాసిన ఆ పత్రంలో ముప్పై రెండు ఎకరాల స్థలం సంస్థకే చెందుతుందని ఉంది. ఎన్నాళ్లంటే, గేటు దగ్గరకు వచ్చినవాళ్లకు ఏమీ అడగకుండా అంబలి పోస్తున్నన్నాళ్లు. కుండ దాకా వచ్చిన మనిషిని ఒక్కరినైనా వట్టి చేతులతో పంపిన రోజున స్థలం తిరిగి సంఘానికి వచ్చేస్తుంది.

ఇద్దరూ ఆ వాక్యాన్ని రెండేసి సార్లు చదువుకున్నారు. తర్వాత ఇద్దరికీ ఒకేసారి అంబలి మీద ప్రేమ పుట్టింది.

మర్నాడు చక్రధరరావు గంగారత్నాన్ని పిలిపించి, ఆమె జీవితంలో మొదటిసారి ఆ ఆఫీసులో కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“చూడమ్మా గంగారత్నం. ఇన్నేళ్లుగా ఎంతమందికి పోశావో లెక్కాపత్రం ఏమైనా ఉందా?”

“లేదు సార్. తాగి పోతరు.”

“అంటే, పోశావనడానికి రుజువు లేదన్నమాట.”

“కుండ ఖాళీ అయితది గద సార్.”

“కుండ ఖాళీ అవడం రుజువు కాదమ్మా. ఒలికిపోయినా ఖాళీ అవుతుంది. రేపు సంఘం వాళ్లు కోర్టుకెళ్తే నేనేం చూపించాలి? ఇకమీదట వచ్చిన ప్రతివాడూ ఫారం నింపాలి.”

“ఏమీ అడగొద్దని రాసినరంట గద సార్, దొరసాని?”

“ఎవరడుగుతున్నారు? ఫారంలో ప్రశ్న అనేదే ఉండదు. అన్నీ ఖాళీలే. ఖాళీలు ప్రశ్నల కిందికి రావని వకీలు రాసిచ్చాడు.” ఆయన ఒక కాగితం ఎత్తి చూపించాడు. “ఫారం లేకుండా ఒక్క దొప్ప పోసినా నీ ఉద్యోగం ఉండదు. గది కూడా ఖాళీ చెయ్యాలి. ఇది నా మాట కాదు, నిబంధన మాట.”

యాభై ఎనిమిదేళ్ల గంగారత్నానికి ఆ గది తప్ప వేరే ఇల్లు లేదు. అమ్మ పోయింది ఆ గదిలోనే. ఆమెకు నిజంగానే భయం వేసింది. అలాగే సార్ అని వచ్చేసింది.

ఫారం 7-అ సోమవారం నుంచి అమల్లోకి వచ్చింది. హల్బీ, గోండీ, దోర్లి, తెలుగు మాట్లాడేవాళ్ల సౌకర్యార్థం దాన్ని హిందీలోనూ ఇంగ్లీషులోనూ అచ్చువేశారు. పేరు, తండ్రి పేరు, ఆధార్ సంఖ్య, అంబలి తాగుటకు కారణం. కారణానికి నాలుగు గళ్లున్నాయి: పరిశోధన, అధ్యయన యాత్ర, సాంస్కృతిక వినిమయం, ఇతరములు. (ఆకలి ‘ఇతరములు’ కిందికి వస్తుందని తర్వాత ఒక సర్క్యులర్ వివరణ ఇచ్చింది.) అడుగున ఒక ప్రమాణం: “ఈ అంబలి తాగుటకు పూర్వము నాకు గల మతవిశ్వాసములే తాగిన పిదప కూడ నాకు గలవని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.” దీనికి రెండు సంతకాలు. ఒకటి తాగకముందు, రెండోది తాగిన పది నిమిషాలకు. ప్రభావం చూపడానికి అంబలికి ఆమాత్రం వ్యవధి ఇవ్వడం న్యాయమని ఫారం తయారుచేసిన కమిటీ భావించింది. ఆ ప్రమాణం కిందే, రెవరెండ్ కిషోర్ పట్టుబట్టి చేర్పించిన మరో వాక్యం ఉంది: “ఈ అంబలి సంఘపు ప్రేమకు గుర్తని గ్రహించితిని.” రెండు వాక్యాలూ ఒకదాన్నొకటి నొప్పించకుండా మధ్యలో ఒక గీత గీశారు.

కుండకు ముందు బల్ల వేసి గుమాస్తా సుమన్‌ను కూర్చోబెట్టారు. అతను హిందీలో మాట్లాడితే గంగారత్నం తెలుగులో జవాబిచ్చేది. ఆరేళ్లుగా ఇద్దరికీ అందులో ఇబ్బంది కలగలేదు.

“ఏం చేయను మౌసీ,” అన్నాడు సుమన్ మొదటిరోజే తల పట్టుకుని. “ఈ ముసలమ్మ వేలిముద్ర మెషిన్‌లో పడటం లేదు. విప్పపువ్వు ఏరి ఏరి గీతలన్నీ అరిగిపోయాయి.”

“ఆమెకు ఆకలైతుంది బిడ్డా. అది కనబడుతలేదా మెషిన్ల?”

“దానికి ఆప్షన్ లేదు మౌసీ.”

నూటయాభై మంది బుధవారానికి నలభై అయ్యారు. శుక్రవారానికి తొమ్మిది మంది. క్యూ ఇంతగా తగ్గడం సుపరిపాలనకు నిదర్శనమని చక్రధరరావు పాలకమండలికి రాశాడు. గేటు బయట చెట్టునీడన కుర్చీ వేసుకుని నోటుపుస్తకంతో కూర్చున్న రెవరెండ్ కిషోర్ మాత్రం, వెనక్కి పోతున్న ఒక్కొక్కరినీ రాసుకుని షరతు తప్పారని లేఖ పంపాడు. దాని మీద ఇరుపక్షాలూ కలిసి వేసిన వివరణ కమిటీ కూర్చుని తేల్చింది ఏమిటంటే, పత్రంలో ఉన్నది ‘కుండ దాకా వచ్చిన మనిషి’ అని. బల్ల దగ్గరనుంచే పోయినవాళ్లు కుండ దాకా వచ్చినట్టు కాదు. వాళ్లు తమ ఆకలిని స్వచ్ఛందంగా వాయిదా వేసుకున్నవారు. ఈ తీర్పు వచ్చిన సాయంత్రమే కుండను బల్లకు ఇంకో పది అడుగులు వెనక్కి జరిపారు.

గంగారత్నం రోజూ నూటయాభై మందికి సరిపడానే కాచేది. మధ్యాహ్నం మిగిలినదాన్ని పారబోస్తుంటే ఆమెకు ఏడుపు వచ్చేది. అమ్మ చూడలేదు, నయం అనుకునేది. ఒక రోజు పారబోయకుండా చాటుగా ఎవరికైనా పోద్దామనుకుంది గానీ గది గుర్తొచ్చింది. ఊరుకుంది. ఊరుకున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఇర్మా మొదటి మూడు రోజులూ బల్ల దగ్గరే ఆగిపోయాడు. ఆధార్ కార్డు గొల్లపల్లిలో ఇంట్లో పెట్టెలో ఉంది, దాని జిరాక్సు కాగితం ఆసుపత్రి వాళ్లు ఉంచుకున్నారు. సుమన్‌కు జాలేసింది గానీ మెషిన్‌కు వేయలేదు. శనివారం పొద్దున ఇర్మా మళ్లీ వచ్చాడు. ఆ సమయానికి సుమన్ ఒకావిడ రెండో సంతకం కోసం గడియారం చూస్తున్నాడు. ఇర్మా ఎప్పటి అలవాటు కొద్దీ బల్ల పక్కనుంచి నడిచి, తిన్నగా కుండ ముందుకు వచ్చి నిలబడ్డాడు.

చెట్టుకింద రెవరెండ్ కిషోర్ చటుక్కున లేచాడు. ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. పన్నెండు సమావేశాల్లో దొరకనిది కళ్లెదుట దొరకబోతోంది. మేడ మీది కిటికీలోంచి చూసిన చక్రధరరావు చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగాడు.

“బాబా, ఫారం,” అన్నాడు సుమన్ అక్కణ్నుంచే, బతిమాలుతున్నట్టు.

ఇర్మా అతనివైపు చూడలేదు. “అక్కా, అయిదొద్దులాయె మాసే సక్కగ ఏం తినక. నీ అంబలైతే తాగుతనంటది. నాకొద్దులే. దీంట్ల జర పొయ్యి, పోత,” అని బుర్ర ముందుకు పట్టుకున్నాడు.

గంగారత్నం చేతిలో గరిటె ఆగింది. ఆగింది నిజమే, ఆ కాస్సేపట్లో ఆమెకు గది కనబడింది, గదిలో అమ్మ మంచం కనబడింది. గరిటె ఆగడం చూసిన ఇర్మా, అర్థమైనట్టు తల ఊపాడు.

“కాయిదం గావాల్నంట గద. ఏంది మరి, మంచిదే. పోతనక్కా,” అని వెనక్కి తిరిగాడు.

రెవరెండ్ కిషోర్ ఫోను కాస్త ముందుకు చాచాడు.

“ఆగవయ్యా!” అని అరిచింది గంగారత్నం. గేటు మొత్తం వినపడేట్టు అరిచింది. “నా కుండ కాడికొచ్చి ఎండిన బుర్ర పట్టుకపోతవా? పట్టు. సక్కగ పట్టు!”

పోసింది. బుర్ర మూతి సన్నం. ఇర్మా దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు, కాబట్టి చెయ్యి అడ్డం పెట్టడానికి అతనికి మూడో చెయ్యి లేదు. చెయ్యి అడ్డం రాలేదు కాబట్టి గంగారత్నం ఆపలేదు. బుర్ర నిండి, అంబలి పొంగి, అతని వేళ్ల మీదుగా పాదాల మీద పడేదాకా పోసింది. అప్పుడు ఇర్మా నవ్వాడు. ఆమె ఒక దొప్ప అతనికి కూడా పోసి, తాగేదాకా అక్కడే నిలబడింది.

రెవరెండ్ కిషోర్ ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. రొప్పుతూ వచ్చిన చక్రధరరావుకు నెత్తిన పాలు పోసినట్టయింది. “శభాష్ గంగారత్నమ్మా! శభాష్!” అన్నాడు అందరూ వినేలా.

మధ్యాహ్నం ఆమెకు రెండు ఉత్తర్వుల నకళ్లు అందాయి. రెండింటి మీదా ఒకే తేదీ, ఒకే సంతకం. మొదటి ఉత్తర్వు ప్రకారం, కుండ దాకా వచ్చిన వ్యక్తికి ఏమీ అడగకుండా అంబలి పోసినందున దానపత్రంలోని షరతు సంపూర్ణంగా నెరవేరింది. అందుకు సాక్ష్యం సంఘ ప్రతినిధి ఫోనులోనే ఉంది. ముప్పై రెండు ఎకరాల మీద విశ్వవిద్యాలయ హక్కు చెక్కుచెదరలేదు. రెండో ఉత్తర్వు ప్రకారం, ఫారం 7-అ లేకుండా, ప్రామాణికం కాని పాత్రలో, కొలత లేకుండా అంబలి పోసినందున గంగారత్నాన్ని ఉద్యోగం నుంచి తొలగించడమైనది. మూడు రోజుల్లో గది ఖాళీ చేయవలసింది.

“శభాష్ అన్నరు గద సార్,” అంది గంగారత్నం.

“అన్నానమ్మా. కాదనను,” అన్నాడు చక్రధరరావు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. “అది నోటిమాట. ఇది ఫైలు.”

సంఘంలో పుట్టి పెరిగిన మనిషి కాబట్టి ఆమె రెవరెండ్ కిషోర్ దగ్గరకు వెళ్లింది.

“వందనాలు అయ్యగారూ. గది ఖాళీ జెయ్యమన్నరు. సంఘం తరఫున ఒక మాట చెప్పరాదుండ్రి?”

“వందనాలమ్మా. నువ్వు విశ్వవిద్యాలయం ఉద్యోగివి కదా, అందులో సంఘం ఎలా కలగజేసుకుంటుంది?” కానీ ఆయన మనసులో ఉన్నది దాచుకోలేకపోయాడు. “ఒక్క నిమిషం ఓర్చుకుని ఉంటే దేవుడి భూమి దేవుడికి తిరిగొచ్చేది కదమ్మా.”

“ఆయన ఆకలితోని ఉన్నడయ్యగారూ.”

“ఆకలి తాత్కాలికం. భూమి శాశ్వతం.”

“ఆ భూమిల దేవుడు ఏం గడుతడయ్యగారూ?”

“ఫంక్షన్ హాలు,” అన్నాడు రెవరెండ్ కిషోర్, నిజాయితీగా.

తల్లి మంచం, రెండు చీరల సంచి పట్టుకుని గంగారత్నం గేటు దాటింది. కుండ మీద ఆస్తి నంబరు ఉంది కాబట్టి దాన్ని లోపలే వదిలేసింది. రోడ్డుకు అవతల టీకొట్టు పెట్టుకున్న పార్వతి, తన రేకుల షెడ్డులో ఒక మూల చూపించింది. ఏమీ అడగలేదు. పాత అల్యూమినియం డేగిసా ఒకటి కడిగి ఇచ్చింది. రాగి పిండి ఎవరెవరో తెచ్చి పెట్టిపోయేవారు. ఎవరని గంగారత్నమూ అడగలేదు. వారం తిరక్కుండా నూటయాభై మందీ రోడ్డు దాటి ఇవతలికి వచ్చేశారు. పదమూడో రోజున ఇర్మా, మాసేను నడిపించుకుంటూ వచ్చాడు. కర్ర పట్టుకుని వచ్చిన మాసే, ఒకటి తాగి, రెండోది తాగి, మూడోది సగం పోయగానే దొప్ప మీద చెయ్యి అడ్డం పెట్టింది. గంగారత్నం కళ్లలో నీళ్లు తిరిగాయి. పైకి మాత్రం, “గంతేనా? గింత తాగితే గొల్లపల్లిదాక నడుస్తవా?” అని కసిరింది.

విశ్వవిద్యాలయంలో అంబలి వితరణ నేటికీ నిరాటంకంగా సాగుతోంది. స్టీలు కుండ వచ్చింది, దానికి కొలత కుళాయి ఉంది. ఈ ఏటి వార్షిక నివేదికలో అయిదో పేజీలో ‘అంబలి కోసం వచ్చి ఆకలితో తిరిగి వెళ్లినవారు: సున్నా’ అని నమోదైంది. (వచ్చినవారి సంఖ్య స్థలాభావం వల్ల ఇవ్వలేదు.) నివేదిక అట్ట మీద ‘మన విలువలు’ అన్న శీర్షిక కింద, సుమన్ గేటు దగ్గర నిలబడి తీసిన రంగుల ఫొటో ఉంది. బారులు తీరిన జనం, అల్యూమినియం డేగిసా, గరిటె ఎత్తి పోస్తున్న గంగారత్నం, దొప్ప మీద మాసే చెయ్యి. ఫొటో చాలా బాగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. సంఘం కూడా తన క్రిస్మస్ సంచికకు అదే ఫొటో వేసుకుంది. అయితే అపార్థాలకు తావివ్వరాదని, ఫొటో అడుగున సన్నని అక్షరాల్లో ఒక వాక్యం చేర్చాలని పదమూడో సమావేశంలో నిర్ణయించారు. అన్ని సమావేశాల్లోనూ ఇరుపక్షాలూ ఒక్క దిద్దుబాటు కూడా లేకుండా అంగీకరించిన వాక్యం అదొక్కటే: “చిత్రంలోని మహిళకు విశ్వవిద్యాలయంతో గానీ, సంఘంతో గానీ ఎలాంటి సంబంధమూ లేదు.”